హత్యా, నరహత్యా, నిర్లక్ష్యమా: మరణం కేసులో సెక్షన్‌నీ శిక్షనీ అంచనా వేసే పద్ధతి

గొడవలో ఒక మనిషి ప్రాణం పోతే ఊరంతా "మర్డర్ కేసు" అనేస్తుంది. ఎఫ్ఐఆర్ రాసే ఎస్సై కూడా చాలాసార్లు అదే సెక్షన్ వేస్తాడు, తక్కువ రాసి మాట పడటం ఎందుకని. చట్టం మాత్రం మరణాన్ని మూడు మెట్ల మీద పెట్టి చూస్తుంది: హత్య, హత్య కిందికి రాని నేరపూరిత నరహత్య, నిర్లక్ష్యం వల్ల మరణం. పై మెట్టు మీద ఉరి లేదా యావజ్జీవం. కింది మెట్టు మీద గరిష్ఠంగా ఐదేళ్లు, అదీ బెయిలబుల్. అసలు పోరాటం జరిగేది నడిమి మెట్టు దగ్గర. కోర్టుల్లో ఇన్నాళ్లూ "త్రీ నాట్ ఫోర్" అని పిలిచిన ఆ సెక్షన్ ఇప్పుడు 105. ముద్దాయి తరఫు వకీలు కేసును పైనుంచి అక్కడికి దించాలని చూస్తాడు, ప్రాసిక్యూటర్ దిగనివ్వకూడదని చూస్తాడు.

కేసు చివరికి ఏ మెట్టు మీద ఆగుతుందో కాగితాలు వరుసగా చదివితే చాలావరకు ముందే తెలుస్తుంది. ముద్దాయి కుటుంబమైనా, చనిపోయినవారి కుటుంబమైనా, సెషన్స్ కోర్టుకు కొత్తగా వస్తున్న జూనియర్ వకీలైనా చదవాల్సిన పద్ధతి ఒకటే.

మొదట ఘటన తేదీ

2024 జులై 1 నుంచి జరిగిన ఘటనలకు భారతీయ న్యాయ సంహిత, అంతకుముందు వాటికి ఐపీసీ. విచారణ ఏ సంవత్సరం జరిగినా, తీర్పు ఎప్పుడు వచ్చినా నేరం జరిగిన నాటి చట్టంలో ఉన్న శిక్షే పడాలి. రాజ్యాంగం 20(1) అధికరణ ప్రకారం ఆ రోజున లేని ఎక్కువ శిక్ష తర్వాత వేయడానికి వీల్లేదు. సెక్షన్ల జోడీలు ఇవి: నేరపూరిత నరహత్య నిర్వచనం 299 నుంచి 100కి, హత్య నిర్వచనం 300 నుంచి 101కి, హత్యకు శిక్ష 302 నుంచి 103కి, నరహత్యకు శిక్ష 304 నుంచి 105కి, నిర్లక్ష్య మరణం 304ఎ నుంచి 106కి మారాయి.

నిర్వచనాలు దాదాపు యథాతథంగా వచ్చాయి కాబట్టి వందేళ్ల నాటి తీర్పులు కూడా ఇప్పటికీ పనికొస్తాయి. శిక్షలు మాత్రం అలా లేవు. నరహత్య శిక్షలో రెండు భాగాలు: ఉద్దేశం ఉంటే పార్ట్ వన్, ఉద్దేశం లేకుండా ప్రాణం పోవచ్చని తెలిసి చేస్తే పార్ట్ టూ. 304 పార్ట్ వన్‌లో యావజ్జీవం లేదా పదేళ్ల వరకు జైలు అని ఉండేది, కింది హద్దు లేదు. 105లో యావజ్జీవం వేయకపోతే ఐదేళ్లకు తగ్గకుండా పదేళ్ల వరకు వేయాలి. పార్ట్ టూలో ఇదివరకు జరిమానాతోనే వదిలేసే వీలు ఉండేది, ఇప్పుడు జైలు, జరిమానా రెండూ పడాలి. 304ఎకు రెండేళ్లే గరిష్ఠం, 106(1)లో అది ఐదేళ్లయింది. పాత ఘటనలో కొత్త సెక్షన్ రాసినా, కొత్త ఘటనకు పాత శిక్ష చెప్పి ధైర్యం ఇచ్చినా లెక్క మొత్తం తప్పుతుంది.

కాగితాలు ఏ వరుసలో చదవాలి

అందరూ ఎఫ్ఐఆర్‌తో మొదలుపెడతారు. పోస్టుమార్టం రిపోర్టుతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఎవరి పక్షమూ వహించని కాగితం అదొక్కటే. అందులో నాలుగు సంగతులు రాసుకోండి: గాయాలు ఎన్ని, ఒక్కోటీ ఎక్కడ, లోతు ఎంత, లోపల ఏ అవయవం తెగింది లేదా పగిలింది. ఆ తర్వాత మరణ కారణం గురించిన అభిప్రాయం. విస్రా (శవం లోపలి అవయవాల నమూనాలు) పరీక్షకు పంపితే తుది అభిప్రాయం వేరుగా వస్తుంది, అది వచ్చేదాకా తొందరపడకూడదు.

మనిషి ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉండి పోతే ఉండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టరు ఇచ్చే పత్రం), ఆసుపత్రి కేస్ షీట్ తీసుకోండి. తర్వాత శవ పంచనామా, సీన్ పంచనామా, ఆయుధం స్వాధీనం చేసుకున్న మహజరు, ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు. ఎఫ్ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు చివర్లో చదవండి. గాయాలు ముందే తెలిసి ఉంటే ఏ సాక్షి ఎక్కడ పెంచి చెప్పాడో చదువుతుండగానే బయటపడుతుంది. "పదిమంది కత్తులతో పొడిచారు" అని వాంగ్మూలం ఉండి, శరీరం మీద ఒకే కత్తిగాటు ఉంటే మిగతా తొమ్మిది మంది సంగతి వేరుగా ఆలోచించాల్సిందే.

ఛార్జిషీటు పడ్డాక ఈ పత్రాలన్నీ ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి. భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చింది) 230వ సెక్షన్ ప్రకారం ముద్దాయి కోర్టుకు వచ్చిన 14 రోజుల్లోగా ఇవ్వాలి. వకీలు ద్వారా హాజరయ్యే బాధిత పక్షానికీ ఆ హక్కు ఉంది. బాధిత కుటుంబాలు దీన్ని వాడుకోవడం తక్కువ.

ఆ దెబ్బ వల్లే పోయాడా

సెక్షన్ గురించి వాదించే ముందు ఇది తేలాలి. దెబ్బకూ మరణానికీ మధ్య గొలుసు తెగితే నరహత్యే లేదు. అప్పుడు కేసు గాయపరచడం కిందికి దిగుతుంది. తీవ్రగాయమైతే 117(2) కింద ఏడేళ్ల వరకు, ప్రమాదకర ఆయుధంతో తీవ్రగాయం చేస్తే 118(2) కింద కనీసం ఏడాది నుంచి పదేళ్లు, లేదా యావజ్జీవం.

ఇక్కడ ఎక్కువగా వినిపించే రెండు వాదనలకు 100వ సెక్షన్ వివరణల్లోనే జవాబు ఉంది. "ఆయనకు ముందే గుండెజబ్బు ఉంది, ఎలాగూ పోయేవాడు" అంటే చెల్లదు. జబ్బుమనిషి మరణాన్ని తొందరపెట్టినా మరణం కలిగించినట్టే. "మంచి ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే బతికేవాడు" అన్నదీ చెల్లదు. సరైన వైద్యంతో బతికే అవకాశం ఉన్నా, గాయమే కారణమైతే గాయం చేసినవాడిదే బాధ్యత.

అయితే కాలు మీద దెబ్బ తగిలి, పదిహేను ఇరవై రోజుల తర్వాత సెప్టిసీమియాతో (రక్తానికి ఇన్ఫెక్షన్ పాకి) పోయినప్పుడు సంగతి అంత తేలిక కాదు. మరణానికి కారణం గాయమే అయినా, మొదటి రోజు ఆ గాయం ప్రాణాంతకమా అన్న ప్రశ్న మిగులుతుంది. ఇలాంటి కేసులు 103లో మొదలై 105లోనో అంతకంటే కిందో ముగియడం మామూలే. కేస్ షీట్‌లో మొదటి రోజు డ్యూటీ డాక్టరు రాసిన నాలుగు ముక్కలు అప్పుడు అన్నిటికంటే విలువైనవి.

ఉద్దేశమా, తెలిసి ఉండటమా

చట్టం రెండు మానసిక స్థితులను వేరు చేస్తుంది. చంపాలనో, ఫలానా గాయం చేయాలనో అనుకోవడం ఉద్దేశం. తాను చేసే పని వల్ల ప్రాణం పోవచ్చని తెలిసినా చేయడం రెండోది. ఎవరి మనసూ కోర్టు ముందు తెరిచి పెట్టలేరు, కాబట్టి చుట్టూ ఉన్న ఆనవాళ్ల నుంచే దాన్ని రాబడతారు.

ఆ ఆనవాళ్ల జాబితా పులిచర్ల నాగరాజు వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటికీ వకీళ్లు ఎక్కువగా ఉటంకించేది దాన్నే. ఆయుధం ఏ రకం, వెంట తెచ్చుకున్నాడా లేక అక్కడ దొరికింది అందుకున్నాడా, దెబ్బ ప్రాణస్థానం మీదా, ఎంత బలంతో కొట్టాడు, ఒక్క దెబ్బా చాలా దెబ్బలా, అప్పటికప్పుడు రేగిన గొడవా, ముందే పథకం ఉందా, పాత పగ ఉందా, అవతలివాడు రెచ్చగొట్టాడా, తనది పైచేయిగా ఉన్నప్పుడు క్రూరంగా ప్రవర్తించాడా. ఒక కాగితం మీద రెండు వరుసలు గీసి ఒక్కో అంశం ఎటు పడుతుందో రాసుకుంటే కేసు బొమ్మ కళ్ల ముందు కడుతుంది. ఆయుధం వెంట తేవడానికీ, అక్కడి పొయ్యి దగ్గరి కట్టె అందుకోవడానికీ మధ్య ఉన్న తేడాతోనే ఎన్నో కేసుల్లో సెక్షన్ మారిపోయింది.

"ఒక్క దెబ్బే కదా, హత్య కాదు" అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. అది నిజం కాదు. 1958 నాటి విర్సా సింగ్ కేసులో పొట్టలో దిగింది ఒకే ఒక్క బల్లెం పోటు. సుప్రీంకోర్టు హత్య అనే తేల్చింది. 101లోని మూడో అంశానికి (సహజగతిలో ప్రాణం తీయడానికి సరిపోయే గాయాన్ని కావాలని చేయడం) అక్కడ వేసిన కొలత నాలుగు ప్రశ్నలు: గాయం ఉందా, అది ఏ రకం గాయం, ఆ గాయాన్నే చేయాలని చేశాడా లేక చేయి జారి తగిలిందా, ఆ గాయం సహజగతిలో ప్రాణం తీయడానికి సరిపోతుందా. మూడో ప్రశ్న వరకే ముద్దాయి మనసుతో పని. నాలుగోది వైద్యశాస్త్రం తేల్చాలి. "ఇంత గాయానికే చస్తాడనుకోలేదు" అన్న మాట అక్కడ అక్కరకు రాదు.

దీనికి అద్దంలా కనిపించే కేసు అప్పటి గుంటూరు జిల్లా రొంపిచర్లది. బరువైన కర్రలతో కొట్టారు, శరీరం మీద 19 గాయాలు, దాదాపు అన్నీ కాళ్ల మీద, చేతుల మీద. తల మీదో ఛాతీ మీదో కొట్టలేదు కాబట్టి హైకోర్టు దాన్ని 304 పార్ట్ టూకు దించింది. 1976లో రాయవరపు పున్నయ్య కేసుగా సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు మళ్లీ హత్యగానే నిలిపారు. ఆ గాయాలన్నీ కావాలని చేసినవే, అన్నీ కలిస్తే ప్రాణం తీయడానికి చాలినవే అన్నది కారణం. నరహత్య పెద్ద గొడుగు, హత్య దాని కింద ఉండే ఒక రకం అని తేటగా చెప్పిన తీర్పు అది. అందుకే మొదట 100 కింద నరహత్య అవునా కాదా చూసి, తర్వాత 101లోకి ఎక్కుతుందా చూడాలి. తిరగేసి మొదలుపెడితే గందరగోళమే.

రెండో వైపు ఉదాహరణ 1876 నాటి బొంబాయి హైకోర్టు గోవిందా కేసు. భార్యను కింద పడేసి, ఛాతీ మీద మోకాలు పెట్టి, ముఖం మీద పిడికిలితో రెండు మూడు గట్టి దెబ్బలు వేశాడు. మెదడులో రక్తస్రావమై ఆమె చనిపోయింది. చంపే ఉద్దేశం లేదు, ఆ గాయం మామూలుగా ప్రాణం తీసేంతటిదీ కాదు అని హత్య కిందికి రాని నరహత్యగా తేల్చారు.

తాగి ఉన్నాడన్నది దాదాపు ఎవరినీ కాపాడదు. తనంతట తానే తాగినవాడికి, తాగనివాడికి ఉండే ఎరుకే ఉన్నట్టు చట్టం భావిస్తుంది. ఉద్దేశం ఏర్పరచుకునే శక్తే లేనంతగా తాగాడని నిరూపిస్తేనే కొంత తేడా వస్తుంది. 1956 నాటి బసదేవ్ కేసులో పెళ్లి భోజనాల దగ్గర, కుర్చీ దగ్గరి నుంచి జరగమంటే జరగలేదని తాగిన మత్తులో ఒక కుర్రాడిని కాల్చేశాడు. నడవగలిగాడు, మాట్లాడగలిగాడు కాబట్టి హత్యానేరమే ఖాయమైంది.

డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న

సాక్ష్యం చెప్పడానికి వచ్చిన పోస్టుమార్టం డాక్టరు నోట "ఈ గాయం సహజగతిలో మరణం కలిగించడానికి సరిపోతుంది" అన్న మాట వచ్చిందా, లేక "మరణం కలిగించే అవకాశం ఉంది" అన్న మాట వచ్చిందా? మొదటిది 101 మూడో అంశం వైపు, అంటే హత్య వైపు లాగుతుంది. రెండోది 100 రెండో అంశం దగ్గర ఆగి 105 పార్ట్ వన్‌కు దారి తీస్తుంది. ప్రాసిక్యూటర్ ఈ ప్రశ్న అసలు అడక్కుండా వదిలేసిన కేసులు అప్పీలులో బలహీనపడుతుంటాయి. చనిపోయినవారి తరఫువాళ్లు డాక్టరు సాక్ష్యం రోజుకు ముందే ప్రాసిక్యూటర్ని కలిసి ఈ ప్రశ్న గుర్తు చేయడంలో తప్పు లేదు. గాయాలు నాలుగైదు ఉంటే ఏ గాయం ప్రాణాంతకం, ఒక్కటేనా, అన్నీ కలిసా అన్నది విడిగా అడిగించాలి. ముద్దాయిలు ఎక్కువమంది ఉన్న కేసులో ఎవరి దెబ్బ ఏదో దీన్నిబట్టే తేలుతుంది.

మినహాయింపులు ఐదు, వాడుకలో మూడు

101లోకి వచ్చిన నేరాన్ని కూడా తిరిగి 105కు దించే మినహాయింపులు ఐదు ఉన్నాయి. 18 ఏళ్లు నిండిన మనిషి సమ్మతితో మరణం కలిగించడం, ప్రభుత్వ ఉద్యోగి సదుద్దేశంతోనే అధికారాన్ని మీరడం కోర్టుల్లో అరుదుగా కనిపిస్తాయి. మిగతా మూడే రోజూ వినిపిస్తాయి.

తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టుడు మొదటిది. రెండు గుణాలూ ఉండాలి. ఎంత ఘోరమైన మాటైనా, చల్లబడే సమయం దొరికాక చేసిన పనికి ఇది వర్తించదు. 1959 నాటి నానావతి కేసును దెబ్బతీసింది ఇదే. భార్య సంబంధం గురించి తెలిశాక ఆ నౌకాదళ అధికారి కుటుంబాన్ని సినిమాహాలు దగ్గర దింపి, నౌకకు వెళ్లి రివాల్వర్ తీసుకుని, అవతలి మనిషి ఆఫీసుకూ ఇంటికీ వెళ్లాడు. ఇంటి నుంచి బయల్దేరిన వేళకూ కాల్పులకూ మధ్య మూడు గంటలు గడిచాయి. ఆ మూడు గంటలే హత్యానేరాన్ని ఖాయం చేశాయి. కాబట్టి రెచ్చగొట్టిన క్షణానికీ దెబ్బకూ మధ్య నిమిషాల లెక్క, ఆ మధ్యలో ముద్దాయి ఏం చేశాడన్నది సాక్షుల మాటల్లోంచి గంటలతో సహా రాసుకోండి. తనే కావాలని కొని తెచ్చుకున్న రెచ్చగొట్టుడు, చట్టప్రకారం పని చేస్తున్న అధికారి వల్ల కలిగిన కోపం లెక్కలోకి రావు.

ఆత్మరక్షణ హద్దు మీరడం రెండోది. హద్దులోపల ఉంటే అసలు నేరమే కాదు, నిర్దోషిగా బయటికొస్తారు. హద్దు దాటినా, సదుద్దేశంతో, ముందు పథకం లేకుండా, అవసరానికి మించి హాని చేయాలనుకోకుండా చేస్తే 105. అవతలివాడు పారిపోతుంటే వెంటపడి కొట్టినప్పుడు ఈ వాదన దాదాపు నిలవదు. ముద్దాయి ఒంటి మీద కూడా గాయాలు ఉంటే వాటికి ఉండ్ సర్టిఫికెట్ తెప్పించడం మరవొద్దు. ఆ గాయాలు ఎలా వచ్చాయో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోతే వాళ్ల కథ మీదే అనుమానం వస్తుంది.

మూడోది హఠాత్తుగా రేగిన కొట్లాట. అన్నిటికంటే ఎక్కువగా వాడేది, ఎక్కువగా విఫలమయ్యేదీ ఇదే. ముందస్తు పథకం ఉండకూడదు, కొట్లాట అప్పటికప్పుడు రేగాలి, ఆవేశంలో జరగాలి, అనుచితంగా పైచేయి తీసుకోకుండా, క్రూరంగా ప్రవర్తించకుండా ఉండాలి. నాలుగూ కుదరాలి, మూడు చాలవు. ఎవరు మొదలుపెట్టారన్నది ముఖ్యం కాదు. కొట్లాట అంటే ఇద్దరూ కలబడాలి. ఒకడు తిడుతూ నిలబడితే ఇంకొకడు పొడవడం కొట్లాట కాదు. ఖాళీ చేతుల మనిషి మీద కత్తి దూస్తే నాలుగో షరతు దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లోకి వెళ్లి గొడ్డలి తెచ్చాడంటే మొదటి షరతు కూడా పోయినట్టే.

మినహాయింపు ఉందని చూపాల్సిన భారం ముద్దాయిదే. భారతీయ సాక్ష్య అధినియమం (పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చింది) 108వ సెక్షన్ అదే చెబుతుంది. కాకపోతే అనుమానాతీతంగా నిరూపించక్కర్లేదు, అలా జరిగి ఉండేందుకే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే చాలు. ప్రాసిక్యూషన్ సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్‌లో రాబట్టిన మాటలతోనే అది తేలిపోవచ్చు.

పార్ట్ వన్, పార్ట్ టూ

105లోనే రెండు అరలు. మరణం కలిగించాలన్న ఉద్దేశం, లేదా మరణం కలిగించే అవకాశం ఉన్న గాయం చేయాలన్న ఉద్దేశం ఉంటే పార్ట్ వన్: యావజ్జీవం, లేదా ఐదు నుంచి పదేళ్లు, జరిమానా. ప్రాణం పోవచ్చని తెలిసినా ఉద్దేశం లేకపోతే పార్ట్ టూ: పదేళ్ల వరకు, జరిమానా. పార్ట్ టూకు కింది హద్దు లేదు కాబట్టి జడ్జి రెండేళ్లూ వేయొచ్చు, తొమ్మిదేళ్లూ వేయొచ్చు.

మినహాయింపు వర్తిస్తే దానంతటదే పార్ట్ టూ అవుతుందనుకోవడం తప్పు. ఆవేశంలో చేసినా చంపే ఉద్దేశం ఉందని తేలితే పార్ట్ వన్నే, అంటే కొత్త చట్టంలో కనీసం ఐదేళ్లు. తీర్పులో "105 కింద" అని మాత్రమే రాసి ఏ భాగమో చెప్పకపోతే, అప్పీలులో ఎత్తిచూపాల్సిన మొదటి లోపం అదే.

వాహనాలు, కరెంటు తీగలు, ఆపరేషన్లు

నిర్లక్ష్యం వల్ల మరణం 106(1). ఉద్దేశమూ ఉండదు, ప్రాణం పోతుందన్న ఎరుకా ఉండదు. ఉండాల్సిన జాగ్రత్త లేకపోవడమే నేరం. ఆ నిర్లక్ష్యమే మరణానికి నేరుగా కారణం కావాలి. ఎక్కడో దూరంగా ఒక కారణమైతే చాలదు.

రోడ్డు ప్రమాదాల్లో ఎక్కువ ఇక్కడే ఆగుతాయి. తాగి నడపడం, మనుషులు ఉన్నారని తెలిసి కూడా వేగం తగ్గించకపోవడం తోడైతే పై మెట్టుకు ఎక్కుతాయి. 2006 నవంబరులో ముంబయి కార్టర్ రోడ్డులో పేవ్‌మెంట్ మీద నిద్రిస్తున్న ఏడుగురు కూలీలు కారు కింద నలిగిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2012లో 304 పార్ట్ టూ ఖాయం చేసి మూడేళ్ల శిక్షను నిలిపింది. 1999 నాటి ఢిల్లీ బీఎండబ్ల్యూ కేసులోనూ అదే సెక్షన్ నిలిచింది. అప్పటికే అనుభవించిన రెండేళ్ల జైలు చాలని, పైన 50 లక్షల రూపాయలు, రెండేళ్ల సమాజ సేవ విధించారు. డ్రైవర్ రక్తంలో ఆల్కహాల్ పరీక్ష ఎన్ని గంటల తర్వాత జరిగిందన్నది ఇలాంటి కేసులకు ప్రాణం. మోటారు వాహన చట్టం ప్రకారం హద్దు 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు. ఆలస్యమైతే ఆ అంకె దిగిపోతుంది, దాంతోపాటే సెక్షనూ.

ప్రమాదం చేసి పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు శిక్ష వేసే 106(2) పుస్తకంలో ఉంది కానీ, 2024 జులై 1న మిగతా సంహితతో పాటు దాన్ని అమల్లోకి తేలేదు. లారీ డ్రైవర్ల ఆందోళన తర్వాత పక్కన పెట్టారు. గుర్తు తెలియని వాహనం ఢీకొని పోయినవారి కుటుంబానికి హిట్ అండ్ రన్ పథకం కింద 2 లక్షల రూపాయలు వస్తాయి, దానికి క్రిమినల్ కేసు తేలేదాకా ఆగక్కర్లేదు.

పొలం చుట్టూ అడవిపందుల కోసం కరెంటు తీగ కట్టి, దానికి మనిషి బలైన కేసులు మన దగ్గర తరచూ చూస్తున్నవే. 1964 నాటి చెరూబిన్ గ్రెగరీ కేసులో మరుగుదొడ్డి చుట్టూ కరెంటు తీగ పెట్టినవాడిని 304ఎ కింద శిక్షించారు. అయితే ఆ దారిలో మనుషులు తిరుగుతారని తెలిసి, హెచ్చరిక బోర్డు లేకుండా, రాత్రంతా కరెంటు వదిలినట్టు తేలితే పార్ట్ టూ వాదనకు బలం వస్తుంది. ఆ కాలిబాట ఎప్పటినుంచి ఉంది, ఎవరెవరు నడుస్తారు, ముందు ఎవరైనా హెచ్చరించారా అన్న సంగతులు సీన్ పంచనామాలో, స్కెచ్‌లో ఉండేలా చూడాలి.

వైద్యులకు 106(1)లోనే తక్కువ గరిష్ఠం ఉంది: వైద్య ప్రక్రియ చేస్తుండగా జరిగితే రెండేళ్లు. మామూలు పొరపాటు చాలదు, తీవ్రమైన నిర్లక్ష్యం కావాలి, సంబంధం లేని మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి అని 2005లో జాకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది.

బెయిలు, రాజీ, ఛార్జి

103, 105 రెండూ నాన్ బెయిలబుల్, సెషన్స్ కోర్టు విచారించేవి. 106(1) బెయిలబుల్, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గర నడుస్తుంది. 105లో యావజ్జీవం కూడా ఉంది కాబట్టి ఛార్జిషీటుకు పోలీసులకు 90 రోజుల గడువు. అది దాటితే, ఛార్జిషీటు పడకముందే ముద్దాయి దరఖాస్తు పెడితే బెయిలు హక్కు అవుతుంది. ఛార్జిషీటు పడ్డాక పెట్టిన దరఖాస్తుకు విలువ లేదు, ఒక్క రోజు తేడాతో హక్కు పోగొట్టుకునేవారు ఉన్నారు.

పెద్దమనుషుల మధ్య డబ్బు మాట్లాడుకుని కేసు "కొట్టేయించుకోవడం" కుదరదు. 103, 105, 106 మూడూ రాజీ కుదుర్చుకోదగ్గ నేరాల జాబితాలో లేవు. శిక్షలు ఏడేళ్లు దాటుతాయి కాబట్టి 103, 105లకు ప్లీ బార్గెయినింగ్ (నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు మాట్లాడుకోవడం) కూడా లేదు.

ఛార్జి ఫ్రేమ్ చేసే (ఏ సెక్షన్ కింద విచారించాలో కోర్టు ఖరారు చేసే) రోజు చాలా కీలకం. కేసు సెషన్స్‌కు కమిట్ అయిన 60 రోజుల్లోగా డిశ్చార్జి (విచారణకు ముందే కేసు నుంచి తప్పించమని) దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడే 103 బదులు 105 ఛార్జి వేయమని అడగొచ్చు. ఆ దశలో జడ్జి సాక్ష్యాన్ని లోతుగా తూచడు కాబట్టి ఎక్కువసార్లు పై సెక్షనే పడుతుంది. అది అంత నష్టం కాదు. 103 ఛార్జి మీద విచారణ జరిగినా నేరం చిన్నదని తేలితే 105 కింద శిక్షించొచ్చు. 105 ఛార్జి మీద 103 శిక్ష వేయాలంటే మాత్రం తీర్పుకు ముందే ఛార్జి మార్చాలి. బాధిత పక్షం మెలకువగా ఉండాల్సింది అందుకే.

శిక్ష లెక్క

ఇంగ్లండ్, వేల్స్‌లో మ్యాన్‌స్లాటర్‌కు 2018 నుంచి శిక్షల మార్గదర్శకాలు ఉన్నాయి, ఏ తీవ్రతకు ఎన్నేళ్లో అంచెలుగా రాసి పెట్టారు. మన దగ్గర అలాంటి పట్టిక లేదు. హద్దుల మధ్య జడ్జి విచక్షణే. అందుకే నేరం రుజువయ్యాక జరిగే శిక్ష మీద విచారణను లాంఛనంగా వదిలేయకూడదు. వయసు, పాత కేసులు లేకపోవడం, ఆధారపడినవాళ్లు, ఘటన తర్వాత ఆసుపత్రికి తానే తీసుకెళ్లడం, బాధిత కుటుంబానికి పరిహారం ఇవ్వడం వంటివి కాగితాలతో సహా పెట్టాలి. "దయచూపండి" అన్న ఒక్క ముక్క రికార్డయితే అప్పీలులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. బాధితుల తరఫున క్రూరత్వం, నిస్సహాయుడి మీద దాడి, సంపాదించే మనిషి పోవడం చూపాలి.

రిమాండులో గడిపిన రోజులు శిక్షలోంచి పోతాయి. ఏడేళ్ల శిక్ష పడి, రెండేళ్ల మూడు నెలలు ముందే లోపల ఉంటే మిగిలేది నాలుగేళ్ల తొమ్మిది నెలలు. జరిమానా కట్టకపోతే పడే జైలుకు ఈ తగ్గింపు వర్తించదు, అది అదనంగా అనుభవించాలి.

యావజ్జీవం అంటే 14 ఏళ్లు అన్నది తప్పు. జీవితాంతం అనే అర్థం, విడుదల ప్రభుత్వ రెమిషన్ (శిక్ష తగ్గింపు) మీద ఆధారపడుతుంది. 14 ఏళ్లు నిండకుండా వదలకూడదన్న నియమం, ఉరిశిక్షకు కూడా వీలున్న నేరాలకు పడిన యావజ్జీవానికి ఉంది. 105లో ఉరి లేదు కాబట్టి ఆ 14 ఏళ్ల అడ్డు పార్ట్ వన్ యావజ్జీవానికి లేదు. జైలు సూపరింటెండెంట్‌కు దరఖాస్తు రాసేటప్పుడు ఈ తేడా స్పష్టంగా రాయాలి.

యావజ్జీవం ఉన్న నేరాలకు ప్రొబేషన్ (జైలుకు పంపకుండా మంచి నడవడి షరతు మీద వదలడం) లేదు కాబట్టి పార్ట్ వన్‌కు ఆ దారి మూసినట్టే. రోడ్డు మరణాల్లో ప్రొబేషన్ ఇవ్వొద్దని 2000లోనే దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

పరిహారం రెండు దారుల్లో వస్తుంది. వసూలైన జరిమానాలోంచి నాగరిక సురక్షా సంహిత 395 కింద కోర్టు ఇప్పించొచ్చు. అది చాలకపోతే, లేదా ముద్దాయి విడుదలైపోతే, 396 కింద జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా అడగాలి. తీర్పులోనే సిఫారసు రాయమని వాదనల చివర్లో అడిగితే తర్వాత తిరగడం తగ్గుతుంది.

సెషన్స్ కోర్టు శిక్ష మీద ముద్దాయి హైకోర్టుకు 60 రోజుల్లోగా అప్పీలు వేయాలి, ఉరి పడితే 30 రోజులే. అప్పీలుతో పాటే శిక్ష నిలుపుదల, బెయిలు దరఖాస్తు పెట్టాలి. 103 కేసు 105గా దిగితే, చిన్న నేరం కింద శిక్షించారన్న కారణంతో బాధితులు కూడా నాగరిక సురక్షా సంహిత 413 కింద సొంతంగా అప్పీలు వేయొచ్చు. శిక్ష తక్కువైందన్న ఒక్క కారణానికైతే వాళ్లకు ఆ హక్కు లేదు, 418 కింద ప్రభుత్వమే వేయాలి. కాబట్టి తీర్పు సర్టిఫైడ్ కాపీకి అదే రోజు దరఖాస్తు పెట్టి, పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు లిఖితపూర్వకంగా విన్నపం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.